పసుపు అంటని గేర్ మీట

ఆయన చనిపోయినట్టు వార్తాపత్రికలో చూశాను. ఫొటో కింద వేసిన వయసు రెండేళ్లు తక్కువగా ఉంది. అది అచ్చుతప్పు కాదు. బతికున్నంతకాలం ఆయన కూడా అంతే చెప్పేవాడు. చివరిచూపుకు నేను వెళ్లలేదు. పెద్దకర్మకూ వెళ్లలేదు. మా గేటు నుంచి వాళ్ల గేటుకు రెండు కిలోమీటర్ల మూడు వందల మీటర్లు. దూరం ఎక్కువై వెళ్లలేదని ఎవరూ అనుకోకూడదు కనుక ఈ కొలత రాస్తున్నాను.

నేను వెళ్లకపోయినా ఆయన సైకిల్ మా ఇంటికి వచ్చింది.

వానలు మొదలైన వారంలో ఒకనాటి పొద్దున ఆయన మనుమరాలు దాన్ని నడిపించుకుంటూ తెచ్చి మా వసారా స్తంభానికి ఆనించింది. ఫార్మసీ చదువుతున్న పిల్ల. తాత పోలిక కనుబొమల దగ్గర మాత్రమే ఉంది.

“నమస్తే తాతా. గిది మా తాత సైకిల్. గేర్ల సంగతి మీకే మంచిగ తెలుసునని చాయ్ హోటలాయన చెప్పిండు.”

“ఏమైంది దానికి?”

“మీట ఒత్తితె టక్కుమని పడ్తది, మళ్ల ఎన్కకు జారుతది. షాపుల అడిగితె పాతది పారేసి కొత్తది ఎయ్యాలె అన్నరు. ఇంకొకాయనేమో నూనె పోస్తె సాలన్నడు. పారేసుడా, బాగుచేసుడా? మీరెట్ల చెప్తె గట్ల.”

“తొందరేమన్న ఉన్నదా?”

“ఆదివారం తాత యాదిల అందరు సైకిళ్ల మీద రైల్వే బ్రిడ్జి దాక పోతాండ్రు. తాత సైకిల్ మీద నేను ముంగట పోవాల్నంట. గేర్ పడకుంటె ఆ బ్రిడ్జి నాతోని కాదు తాతా. అందరి ముంగట దిగి నడిస్తె ఇజ్జత్ పోతది.”

ఆ వంతెన మీద ఇజ్జత్ పోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. నాది పోయింది అక్కడే. తీసినవాడు ఆ సైకిల్ యజమాని.

“పెట్టి పోమ్మా. చూసి చెప్త,” అన్నాను.

పిల్ల వెళ్లిపోయాక కూడా నేను ఆ సైకిల్ ముందు నిలబడే ఉన్నాను. నా భార్య చాటలో బియ్యంతో బయటికి వచ్చింది.

“ఏందయ్యా గట్ల నిలబడ్డవు, పగోని ముంగట నిలబడ్డట్టు?”

“పగోడే గద.”

“సచ్చిపోయిండు గదయ్యా ఆ మనిషి!”

“సైకిల్ ఉన్నది.”

ఆమె చాటలోని రాళ్లను మామూలుకంటె గట్టిగా ఏరిపారేసింది.

ఆయనది వరంగల్ బజారులో బట్టల దుకాణం. అందరూ సేటు అనేవారు. నేను భూములు కొలిచే శాఖలో సర్వేయరుగా పనిచేసి విరమించినవాణ్ని. మా ఇద్దరినీ కలిపింది సైకిళ్లు. హన్మకొండ చౌరస్తాకు దగ్గరలోని ఒక చాయ్ హోటల్ ముందు ఆదివారం తెల్లవారగానే పదిమందిమి కూడేవాళ్లం. అందరమూ అరవై దాటినవాళ్లమే. డాక్టరు చెప్పాడని కొందరు, ఇంట్లో కూర్చుంటే కోడళ్లకు అడ్డమని కొందరు, కారణం ఏదైనా అందరి కిందా గేర్ల సైకిళ్లే. ఆయనదీ నాదీ ఒకే కంపెనీ, ఒకే రకం, ఏడు గేర్లు. కుడిచేతి పట్టు పక్కన అగ్గిపెట్టె కంటె కొంచెం పెద్దదైన పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని షిఫ్టర్ అంటారు. బొటనవేలితో పెద్ద మీటను ఒత్తితే తేలిక గేరు పడుతుంది. చూపుడువేలితో చిన్న మీటను లాగితే బరువు గేరుకు వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పెద్ద మీటను ఒత్తాలి. ఈ కథకు కావలసిన యంత్రజ్ఞానం ఇంతే.

ఆయన మనిషిని పలకరించేముందు చొక్కా అంచును పట్టుకొనేవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బట్టను రెండుసార్లు నలిపి, “నాలుగు ఉతుకుల సరుకు,” అనో, “మా దుకాణంల కొనలేదు, ఎరుకైతాంది,” అనో తేల్చి, ఆ తరవాతే ముఖంలోకి చూసేవాడు. కలెక్టరాఫీసు నుంచి వచ్చిన ఒక అధికారి చొక్కాను కూడా అట్లాగే నలపడం నేను చూశాను. ఆ అధికారి మరుసటి నెల ఆయన దుకాణంలో చొక్కా బట్ట తీశాడు.

దుకాణంలో మీటరు కర్ర ఉండేది, ఈగలు తోలడానికి. కొలత మాత్రం మూరతోనే. ఒకసారి నేను ఊరుకోలేక, “మీ మూర పద్దెనిమిది అంగుళాలు లేదు, పదిహేడున్నర ఉన్నది,” అన్నాను. నా జేబులో టేపు ఉంది. చూపించడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆయన బట్టను మడుస్తూనే, “అర అంగుళానికి బట్ట ఏడుస్తదా సారూ? తొడుక్కునేటోడు జర కడుపు లోపటికి గుంజుకుంటడు,” అన్నాడు. దుకాణం అంతా నవ్వింది. కొంటున్నవాడు కూడా నవ్వాడు. అర అంగుళం పోయింది అతనిదే.

ఆయన పద్ధతే అది. ఆయన మాట నిజమా కాదా అన్నది ఏ తూకంలోనూ తేలేది కాదు. చుట్టూ ఎంతమంది నవ్వారన్నదాన్నిబట్టి తేలిపోయేది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను గొలుసుతో కొలిచి చెప్పిన హద్దును కాదన్న రైతులను చూశాను, గొడ్డలి తీసుకొని మీదికి వచ్చినవాళ్లను కూడా చూశాను. వాళ్లెవరూ నన్ను ఓడించలేదు. గొలుసును మళ్లీ వేస్తే కొలత మళ్లీ అంతే వస్తుంది. నవ్వును మళ్లీ కొలవడానికి గొలుసు లేదు.

ఆయన సైకిల్ గంట గురించి కూడా చెప్పాలి. ఎదురుగా మనిషి గాని గేదె గాని లేకపోయినా, ఎత్తు మొదలయ్యే ప్రతిచోటా ట్రింగు ట్రింగుమని మోగించేవాడు. ఎందుకని అడిగితే, “ఎత్తుకు చెప్తాన్న, సేటు వస్తాండని,” అనేవాడు. ఇక గేర్ల ప్రస్తావన వస్తే ఆయన మాట ఒకటే: “గేర్లు ముసలోళ్లకు సారూ. కొన్నప్పటిసంది నేను దాన్ని ముట్టలే.” పంచె కాలు పైకి లాగి పిక్క మీద చెయ్యి వేసుకొని మరీ అనేవాడు. మా అందరిలోకీ ముందుగా ఎత్తు ఎక్కేవాడు ఆయనే. అది నేను కాదనను.

దసరా పొద్దున మా సైకిళ్లకు పూజ. హోటల్ ముందు వరసగా నిలిపి, కడిగి, బంతిపూల దండలు వేసి, ఒక్కో చక్రం కింద నిమ్మకాయ పెట్టేవాళ్లం. బొట్లు పెట్టే పెద్దరికం ఆయనది. మామూలుగా అయితే హ్యాండిలుకు ఒక బొట్టు, మడ్గార్డుకు ఒక బొట్టు. ఆయన పసుపును గిన్నెలో నీళ్లు పోసి ముద్దగా కలిపి, పెళ్లికొడుక్కు నలుగు పెట్టినట్టు అరచేత్తో పూసేవాడు. ఒక ఏడాది దసరాకు వరసలో నా సైకిల్ చివరిది. గిన్నెలో ముద్ద చాలా మిగిలింది. హ్యాండిలు, బ్రేకు, గేరు పెట్టె, దాని సందులు, అన్నిటికీ కూరి కూరి పట్టించాడు.

“సారు సైకిల్‌కు జర ఎక్కువ శక్తి కావాలె,” అన్నాడు.

నేను రుమాలు తీసి తుడవబోయాను. చుట్టూ ఉన్నవాళ్లందరూ ఒక్కసారే అరిచారు. పండుగపూట దేవుడి పసుపును తుడిచేవాడు ఎవడైనా ఉంటాడా? నేను రుమాలును జేబులో పెట్టుకున్నాను.

మరుసటి ఆదివారం రఘునాథపల్లి దాకా వెళ్లాలని బయలుదేరాము. కాజీపేట దగ్గర రైలు పట్టాల మీది వంతెన ఎక్కుతుండగా నేను పెద్ద మీటను ఒత్తాను. టక్కుమంది, మరుక్షణమే జారింది. మళ్లీ ఒత్తాను, మళ్లీ జారింది. బరువు గేరు నుంచి గొలుసు కదలలేదు. ఆ వంతెన నూరు మీటర్లకు నాలుగు మీటర్ల చొప్పున లేస్తుంది. నేనే కొలిచాను, వేరే పని మీద. సగం దాకా తొక్కగలిగాను. తరవాత దిగి నెట్టుకుంటూ నడిచాను. పక్కనుంచి పోతున్న ఆటోలోని పిల్లలు చేతులు ఊపారు.

పైన తొమ్మిదిమందీ ఆగి ఉన్నారు. ఆయన రెయిలింగుకు నడుము ఆనించి, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

“ఏమైంది సారూ, దిగి వచ్చిండ్రు?”

“గేర్ పడ్తలేదు.”

ఆయన వచ్చి వెనక చక్రాన్ని ఒక చేత్తో లేపి, పెడలును ఒకరిచేత తిప్పించి, మీటను ఒత్తాడు. పదిసార్లు ఒత్తితే ఒకసారి పట్టే మీట, ఆ ఒక్కసారి అప్పుడే పట్టింది. గొలుసు చక్కగా ఎక్కింది. ఆయన చక్రాన్ని కిందికి దించి, చేతులు దులుపుకొని, నా ప్యాంటు మోకాలి దగ్గరి బట్టను రెండు వేళ్ల మధ్య నలిపాడు.

“గేర్ మంచిగనే ఉన్నది సారూ. మోకాళ్లే అరిగినయ్.”

తిరుగు ప్రయాణంలో చాయ్ హోటలాయన కేక వేశాడు: “మోకాళ్ల సారుకు ఒక చాయ్!” మాకంటే ముందే మాట అక్కడికి ఎట్లా చేరిందో నాకు తెలియదు, అందరి దగ్గరా ఫోన్లు ఉన్నాయి. నెల తిరగకుండా కూరగాయల అంగడిలో, మంగలి దుకాణంలో, చివరికి పాలు పోసే మనిషి నోట కూడా అదే పేరు. ముప్పై నాలుగేళ్లు నన్ను సర్వేయర్ సారు అన్న ఊరు. నా దగ్గర ఉన్న ఆస్తి ఆ మాట ఒక్కటే అని, అది పోయాకే నాకు తెలిసింది.

నేను వెంటనే రెండు పనులు చేశాను. ఒకటి, రెండు మోకాళ్లకూ ఎక్స్‌రే తీయించాను. వయసుకు తగ్గట్టు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పాడు. రెండు, కొత్త షిఫ్టర్ బిగించి, పాతదాన్ని బల్ల మీద పెట్టి విప్పాను. లోపల ఒక పంటి చక్రం, దాన్ని పట్టి ఆపే చిన్న ఉక్కు నాలుక ఉంటాయి. నాలుక పంటిలో దిగితేనే గేరు నిలుస్తుంది. పసుపు ముద్ద లోపలి గ్రీజుతో కలిసి ఎండి, పాత మైనంలాగ గట్టిపడి, ఆ నాలుకను కదలనివ్వకుండా పట్టేసింది. కిరోసిన్‌లో కడిగి, కుట్టుమిషను నూనె చుక్క వేస్తే మీట కొత్తదానిలా పలికింది. ఒక్క పన్నూ అరగలేదు. దోషం యంత్రానిది కాదు, నాది అంతకన్నా కాదు, ఆ అరచేతిది.

తవ్వి తీసిన పచ్చటి మడ్డిని కాగితంలో పొట్లం కట్టి, ఎక్స్‌రేతో సహా మరుసటి ఆదివారం హోటల్‌కు తీసుకుపోయాను. అందరి ముందూ పొట్లం విప్పి, ఏది ఎక్కడ పట్టుకుందో వివరంగా చెప్పాను. అందరూ శ్రద్ధగానే విన్నారు. ఆయన కూడా విన్నాడు. విన్న తరవాత ముందు ఎక్స్‌రేను అందుకొని, ఎండకు ఎత్తి పట్టి, చాలాసేపు చూశాడు.

“సారు మోకాళ్లు ఫొటోల మస్తు వచ్చినయ్. పెద్దగ చేయించి గోడకు పెట్టుకోవచ్చు.”

తరవాత ఉంగరపు వేలితో పొట్లంలోని మడ్డిని కొంచెం తీసి, కళ్లు మూసుకొని, నుదుట బొట్టు పెట్టుకున్నాడు.

“దేవుని పసుపు సారూ. దాని మీద గూడ నెపమా?”

నా సాక్ష్యం ఆయన నుదుటికి ఎక్కింది. ఇక దాన్ని ఎవరు పరీక్షిస్తారు? ఒక్కొక్కరుగా వచ్చి వాళ్లూ పెట్టుకున్నారు, నవ్వుతూ. కాగితం ఖాళీ అయింది. కంపౌండరుగా పనిచేసి విరమించిన మిత్రుడు ఒకడు, నాకు అందరికంటె దగ్గరివాడు, అతను కూడా పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి నేను ఆ గుంపుతో తొక్కలేదు. ఒంటరిగా ఖిలా వరంగల్ వైపు పోయి వచ్చేవాణ్ని. అటు వంతెన లేదు.

ఆయన నన్ను అంతటితో వదిలిపెట్టలేదు. ప్రతి దసరా సాయంత్రం జమ్మి ఆకు పట్టుకొని మా ఇంటికి వచ్చేవాడు. జమ్మి బంగారం చేతిలో పెట్టి అలయ్ బలయ్ అంటూ కావలించుకుంటే కాదనే ఆచారం మన దగ్గర లేదు; నా భార్య గుమ్మంలోనే నిలబడి చూసేది. ఆయన నన్ను గుండెకు గట్టిగా అదుముకొని, చెవి దగ్గర, ఎవరికీ వినబడకుండా, “మోకాళ్లు ఎట్లున్నయ్ సారూ?” అనేవాడు. విడిచాక ముఖంలో పండుగ తప్ప ఇంకేమీ ఉండేది కాదు. “ఎంత ప్రేమనో ఆయనకు నువ్వంటె,” అనేది నా భార్య.

అటువంటి మనిషి సైకిల్ ఇప్పుడు నా స్తంభానికి ఆనుకొని ఉంది.

మరునాడు పొద్దున వెలుతురు బాగా వచ్చాక మొదలుపెట్టాను. విప్పకముందే ఒక విషయం బొటనవేలికి తెలిసింది. పెద్ద మీట మీద వేలు జారకుండా అడ్డగీతలు ఉంటాయి. నా పాత మీటకు ఆ గీతలు ఇప్పటికీ గోటికి తగులుతాయి. ఆయన మీట మీద ఒక్క గీతా లేదు. నదిలో దొర్లిన రాయిలాగ నున్నబడింది. కొన్నప్పటినుంచీ ముట్టని మీట అట్లా అరగదు.

స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉన్నాయి. తగని స్క్రూడ్రైవరుతో ఎవరో పలుమార్లు విప్పారు. మూత తీశాను. నేను లోపల పసుపు ఉంటుందనుకున్నాను. అన్నేళ్ల దసరాల పసుపు. ఒక్క రవ్వ లేదు. కుట్టుమిషను నూనె వాసన మాత్రం ఉంది. మూత అంచు చుట్టూ బంక. పారదర్శకమైన టేపును అంటించి పీకి, అంటించి పీకి, పేరుకున్న బంక.

నక్షాలు చూసే నా భూతద్దంతో పంటి చక్రాన్ని చూశాను. ఏడు గేర్లలో బరువు గేర్ల పళ్లు కొత్తవాటిలా పదునుగా ఉన్నాయి. రెండు పళ్లు మాత్రం గుండ్రంగా అరిగిపోయాయి. ఆ రెండూ అన్నిటికంటె తేలిక గేర్లవి. ముసలివాళ్లవి.

నేను బల్ల మీద చేతులు పెట్టుకొని కూర్చుండిపోయాను. పట్టరాని సంతోషం కలిగిందని రాస్తే అది సరిగ్గా సరిపోతుంది.

ఇక బాగుచేయడం సంగతి. నాది మురికి పట్టిన షిఫ్టర్ కనుక కడిగితే సరిపోయింది. ఇది నిజంగా అరిగినది. ఎంత నూనె పోసినా పోయిన ఉక్కు తిరిగి రాదు. ఆకురాయితో ఆ పళ్లను మళ్లీ పదును పెట్టవచ్చుననిపించింది గాని, అరిగినదాన్ని ఇంకా అరగదీయడమే అవుతుంది. నెల రోజులు నిలుస్తుందో లేదో. తేలిక గేర్లు రెండూ పడకుండా మరను బిగించి మిగతా అయిదింటితో తొక్కుకొమ్మని ఇవ్వవచ్చు. చదును దారి మీద ఏ లోపమూ కనిపించదు. వంతెన దగ్గర కనిపిస్తుంది.

ఈ ఆలోచన దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆదివారం, అందరి ముందూ, ఆయన సైకిల్ మీద, ఆయన మనుమరాలు సగం వంతెన మీద దిగుతుంది. నేను వెనకనుంచి వచ్చి చక్రం లేపి మీట ఒత్తి చూపి, గేర్ మంచిగనే ఉందని చెప్పవచ్చు. ఆయన నాకు చేసినదాన్ని అంగుళం తేడా లేకుండా ఆయనకు తిరిగి చేసినట్టవుతుంది. అట్లా చేయకపోవడానికి దయ కారణం కాదు. ఆడపిల్లకు చాతకాలేదని నలుగురూ జాలిపడతారు. ఆయన పేరుకు గీటు కూడా పడదు. లెక్క తప్పుతుంది. అంతే.

కిరోసిన్‌లో కడిగి గుడ్డలో చుట్టి దాచిన నా పాత షిఫ్టర్ ఉంది కదా, ఒక్క పన్నూ అరగనిది. దాన్నే ఆయన సైకిల్‌కు బిగించాను. కొత్త తీగ వేసి, ఏడు గేర్లూ వరసగా పడేదాకా సవరించాను.

శుక్రవారం పిల్ల వచ్చింది. వసారాలోనే చక్రం లేపి, మీట ఒత్తి చూసి, చిన్నపిల్లలా గెంతింది.

“వారెవ్వా! కొత్తది ఏసిండ్రా తాతా?”

“కొత్తది కాదు, నా పాతది. మీ తాతది అరిగిపోయింది. ఇగో, ఏలు పెట్టి చూడు.”

ఆమె అరిగిన మీట మీద బొటనవేలు రాసింది.

“అబ్బో, నున్నగైంది గదా! మస్తు వాడినట్టున్నడు.”

“గేర్ ముట్టనే ముట్టనని చెప్పెటోడు మాకు.”

“ఎవలు, మా తాతనా?” ఆమె పకపకా నవ్వింది. “బ్రిడ్జి రాకముందే గేర్ ఎయ్యాలె బిడ్డా అని నాకు నేర్పిందే తాత. గంట కొట్టుకుంట ఎయ్యాలె, సప్పుడు రాదు అనెటోడు. చూడుండ్రి.”

ఆమె ఆయన గంటను మోగిస్తూ అదే బొటనవేలిని మీట మీదికి జార్చింది. గంట ఆ మీటకు పక్కనే ఉంది. ట్రింగుమన్నదే వినిపించింది, టక్కుమన్నది వినిపించలేదు. ఎత్తుకు ఆయన చెప్పిన మాట అదన్నమాట.

“మరి ఈ బంకేందమ్మా, టేపు బంక?” అన్నాను.

“గదా? దసరకు ముందు రోజు తాతనే టేపు సుట్టెటోడు. పసుపు లోపటికి పోతె గేర్ కరాబైతదంట. ఎవలో సారు ఇప్పి చూపెట్టిండంట. పొట్లం కట్టుకొచ్చి మరీ చూపెట్టిండు, తెలివిగల్ల మనిషి అనెటోడు. ఎవలకు చెప్పకు బిడ్డా అనెటోడు.”

గుమ్మంలో నిలబడి ఉన్న నా భార్య నా వైపు చూసింది. నేను అటు చూడలేదు.

ఆయన నా మాటను నమ్మాడు. ఆ ఉదయం, ఎక్స్‌రేను ఎండకు పట్టి చూస్తున్న ఆ క్షణంలోనే నమ్మాడు. ఇంటికి పోయి తన పెట్టెను విప్పుకొని, కడుక్కొని, నూనె వేసుకొని, ఏటేటా టేపు చుట్టుకున్నాడు. మిగతా సైకిళ్లకు అరచేత్తో పసుపు పూస్తూనే ఉన్నాడు. నన్ను కావలించుకొని మోకాళ్ల సంగతి అడుగుతూనే ఉన్నాడు. తెలియక అన్నవాణ్ని క్షమించే అవకాశం ఉంటుంది. తెలిసి, తెలివిగలవాడని ఇంట్లో మెచ్చుకొని, వీధిలో నవ్వించినవాడికి ఏ శిక్ష సరిపోతుందో నాకు ఏ కొలతలోనూ అందలేదు. పైగా చనిపోయాడు.

“అమ్మా, నాకు పైసలేమీ వద్దు,” అన్నాను. “ఈ అరిగినది నాకు ఇడిచిపెట్టు. ఆదివారం ఎవరన్న అడిగితె టేపు సంగతి దాచకు.”

“దాచుడెందుకు తాతా? గేర్ మీద ఎక్కితె తప్పా?”

ఆమెకు అందులో సిగ్గుపడవలసినది ఏదీ కనిపించలేదు.

ఆదివారం నేను కూడా వెళ్లాను. అన్నేళ్ల తరవాత ఆ గుంపులో. వంతెన మొదట్లో ఆమె గంట ముట్టకుండానే మీట ఒత్తింది. టక్కుమన్న చప్పుడు వెనక ఉన్న నాకు కూడా వినిపించింది. నా షిఫ్టర్ మీద ఆమె, ఇంకొకదాని మీద నేను, ఇద్దరమూ దిగకుండా ఎక్కాము.

తిరిగి వచ్చి హోటల్ ముందు కూర్చున్నాక, కుర్చీలో పెట్టిన ఆయన ఫొటో పక్కన కంపౌండరు మిత్రుడు లేచి నిలబడ్డాడు.

“సేటు అంటె సేటే. డెబ్బై దాటినా గేర్ ముట్టలే. గసొంటి మనిషి మళ్ల పుట్టడు.”

నేను జేబులోనుంచి అరిగిన షిఫ్టర్‌ను తీసి బల్ల మీద పెట్టాను.

“ఇది సేటుది. ఒక్కొక్కరు బొటనేలు పెట్టి చూడుండ్రి.”

అది చేతులు మారింది. అందరూ వేలు రాసి చూశారు. ఒకరు దాన్ని తమ సైకిల్ మీటతో పోల్చి చూసి వచ్చారు. అప్పుడు పిల్ల, నేను అడగకుండానే, అటుకులు నములుతూ, గంట సంగతీ టేపు సంగతీ చెప్పింది. నేను ఒక్కొక్క ముఖాన్నీ వరసగా చూశాను. ఎన్ని రాత్రులు ఈ దృశ్యాన్ని ఊహించుకున్నానో చెప్పను. ఒక్క నవ్వు చాలు. ఆయన ఫొటో వైపు తిరిగిన ఒక్క నవ్వు.

కంపౌండరు మిత్రుడు షిఫ్టర్‌ను బల్ల మీద పెట్టి, తల ఊపి, నిజాయితీగా, కొంచెం బాధగా కూడా అన్నాడు:

“అంటె ఆనాడు మోకాళ్ల సారు చెప్పింది నిజమేనన్నట్టు.”

“నిజమే మల్ల,” అన్నారు పక్కవాళ్లు. “మోకాళ్ల సారుది మొదటిసంది పక్కా లెక్క.”

“నేను గప్పుడే అనుకున్న,” అన్నాడు హోటలాయన. “ఇగో, మోకాళ్ల సారుకు ఇంకో చాయ్!”

ఎవరూ నవ్వలేదు. వెక్కిరింపు లేదు, అభిమానంతోనే అన్నారు. ఏమన్నారో వాళ్లకు తెలియనే తెలియదు. చాయ్ వచ్చింది. తాగాను. అడిగితే ఇంకోటి కూడా పోసేవాడు.

ఆయన మీద నా పగ ఆ ఉదయంతో తీరిపోవలసింది. తీరలేదు. ఇంతకాలం అది ఒక్క మనిషి మీద. ఇప్పుడు హోటలాయనతో కలిపి పదిమంది మీద, వాళ్లలో తొమ్మిదిమంది బతికే ఉన్నారు. పిల్లను ఈ లెక్కలో వేయలేదు.